పేరున్న ముఖాలు: బ్యూఫోర్డ్ డిలేనీ రంగులు చెప్పే చరిత్ర

ముఖం ప్రతి మనిషికీ ఉంటుంది. ముఖానికి బొమ్మ మాత్రం అందరికీ ఉండదు. ఎవరి బొమ్మ వేయాలి, ఎవరి బొమ్మ గోడకెక్కాలి, దాని కింద ఏమని రాయాలి - ఇవి కళకు సంబంధించిన ప్రశ్నల్లా కనిపిస్తాయి. నిజానికి ఇవి అధికారానికి సంబంధించిన ప్రశ్నలు. మొహం చూసి బొట్టు పెట్టే దేశంలో పుట్టినవాళ్ళం, మనకీ సంగతి ఇంకొకరు చెప్పనక్కర లేదు.

మన దేశంలో రాజులు, జమీందార్లు, దివాన్లు తైలవర్ణ చిత్రాలు వేయించుకున్నారు. రవివర్మ వాళ్ళ బొమ్మలు వేశాడు. 1894లో బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టి దేవతల బొమ్మల్ని ఇంటింటికీ చేర్చాడు. ఆ దేవతల ఒంటి ఛాయ, చీరకట్టు, నగలు ఏ కులాల ఇళ్ళలోంచి వచ్చాయో బొమ్మ చూస్తేనే తెలుస్తుంది. మరి మన ముఖాలు ఎక్కడా లేవా? ఉన్నాయి. 1868 నుంచి 1875 దాకా ఎనిమిది సంపుటాలుగా వచ్చిన 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' ఫోటోల్లో అట్టడుగు కులాలు ఉన్నాయి. 1909లో ఎడ్గార్ థర్స్‌టన్ తెచ్చిన 'కాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా' ఏడు సంపుటాల్లో ఉన్నాయి. థర్స్‌టన్ మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు. మనుషుల తలలూ ముక్కులూ కొలిచి పట్టికలు వేసినవాడు. మాదిగలూ మాలలూ నాలుగో సంపుటంలో వస్తారు. అలాంటి పుస్తకాల్లో బొమ్మ కింద కులం ఉంటుంది, వృత్తి ఉంటుంది. మనిషి పేరు సాధారణంగా ఉండదు. దొర బొమ్మ 'ఫలానా దొరవారు' అవుతుంది. మన బొమ్మ 'ఒక మాదిగ' అవుతుంది. మొదటిది రూపచిత్రం, రెండోది నమూనా.

ఈ తేడా మన దగ్గర మాత్రమే ఉన్నది కాదు. అమెరికాలో నల్లజాతి ప్రజలు బానిసత్వం నుంచి బయటపడ్డాక కూడా వాళ్ళ ముఖం వాళ్ళది కాలేదు. ఆ ముఖాన్ని తిరిగి తెచ్చుకోవడానికి రంగుల్ని ఆయుధం చేసుకున్న ఒక చిత్రకారుడి చరిత్ర ఈ వ్యాసం. ఆయన పేరు బ్యూఫోర్డ్ డిలేనీ (1901-1979). ఆయన బతుకులోనూ, ఆయన బొమ్మలు గాలరీలకెక్కిన తీరులోనూ దళిత కళ గురించి ఆలోచించేవాళ్ళు పట్టించుకోవలసిన విషయాలు చాలా ఉన్నాయి.

చదువురాని తల్లి, బొమ్మలేసే కొడుకులు

డిలేనీ 1901 డిసెంబర్ 30న టెన్నెసీ రాష్ట్రంలోని నాక్స్‌విల్‌లో పుట్టాడు. పదిమంది పిల్లల్లో ఎనిమిదోవాడు. తండ్రి శామ్యూల్ క్షురకుడు, మెథడిస్టు చర్చి బోధకుడు కూడా. తల్లి డీలియా బానిసత్వంలో పుట్టింది. ఆమెకు రాయడం, చదవడం రాదు. తెల్లవాళ్ళ ఇళ్ళు ఊడ్చి, వాళ్ళ బట్టలు ఉతికి పిల్లల్ని సాకింది. చదువు విలువ, తలెత్తుకు బతకడం పిల్లలకు నూరిపోసింది కూడా ఆమే. ఇట్లాంటి తల్లులు ఈ పత్రిక చదివేవాళ్ళకు కొత్త కాదు. చదువుకున్న మొదటి తరం మనది అని చెప్పుకుంటాం గాని, ఆ చదువు వెనక అక్షరం ముక్క రాని తల్లి ఒకతె ఉంటుంది.

ఇద్దరు కొడుకులు చిత్రకారులయ్యారు - బ్యూఫోర్డ్, అతని తమ్ముడు జోసెఫ్. నాక్స్‌విల్‌లో పేరున్న తెల్ల చిత్రకారుడు లాయిడ్ బ్రాన్సన్ బ్యూఫోర్డ్ చేతిలో పనితనం చూసి పాఠాలు చెప్పాడు, పై చదువుకు సాయపడ్డాడు. ఆ ఊళ్ళో 1919 ఆగస్టు చివర నల్లవాళ్ళ మీద జాతి దాడులు జరిగాయి. సైన్యాన్ని దించారు. అప్పటికి బ్యూఫోర్డ్‌కు పదిహేడేళ్ళు. 1923లో ఆయన బోస్టన్ చేరాడు. అక్కడ కళాశాలల్లో సంప్రదాయ పద్ధతిలో బొమ్మ గీయడం నేర్చుకున్నాడు. ఎముక, కండ, వెలుగు, నీడ - అన్నీ. ఈ మాట ఎందుకు చెప్పాలంటే, తర్వాత ఆయన గీతను వంచాడు, ముఖానికి పసుపూ ఆకుపచ్చా పులిమాడు. గీయడం రాక అట్లా వేశాడని ఎవరూ అనడానికి లేదు.

గోడ మీద బొమ్మలు, గుమ్మంలో కాపలా

1929 నవంబర్‌లో డిలేనీ న్యూయార్క్‌లో దిగాడు. అప్పటికి షేర్ మార్కెట్ కుప్పకూలి నెల కూడా సరిగా కాలేదు. ఒక డాన్సు స్కూల్లో కూర్చుని వచ్చిపోయేవాళ్ళ బొమ్మలు గీసి పొట్టపోసుకున్నాడు. 1930లోనే రెండు చోట్ల ఆయన రూపచిత్రాలు జనం ముందుకొచ్చాయి. ఒకటి హార్లెంలోని 135వ వీధి గ్రంథాలయం. అది నల్లవాళ్ళ పేట, నల్లవాళ్ళ పుస్తకాల చోటు. రెండోది గ్రీనిచ్ విలేజ్‌లోని విట్నీ స్టూడియో గాలరీలు. అది ధనికుల చోటు.

ఈ రెండో చోటు దగ్గర కొంచెం ఆగాలి. విట్నీ గాలరీలో డిలేనీ బొమ్మలు గోడకెక్కాయి. పత్రికలు గుర్తించాయి. ఆ తర్వాత అదే సంస్థ ఆయనకు ఒక పనిచ్చింది. కాపలా ఉండటం, ఫోన్లు ఎత్తటం, వచ్చేపోయేవాళ్ళను చూసుకోవటం. ఉండటానికీ బొమ్మలు వేసుకోవటానికీ నేలమాళిగలో చోటిచ్చింది. బొమ్మ పై అంతస్తులో, బొమ్మ వేసినవాడు కింది అంతస్తులో. ఇది దయే కావచ్చు, ఆ కరువు రోజుల్లో ఆయనకు తిండి పెట్టింది కూడా. కాని దయకూ హక్కుకూ మధ్య ఎంత దూరం ఉంటుందో ఆ భవనం మెట్లు లెక్కపెడితే తెలుస్తుంది. కళ లోపలికి పోతుంది, కళాకారుడు గుమ్మంలోనే ఉంటాడు. గుడి రాళ్ళు మోసి, గుడి డప్పు కొట్టి, గుడి బయట నిలబడ్డ జాతికి ఇది కొత్త కథ కాదు.

అప్పటి అమెరికాలో నల్లవాళ్ళ ముఖం ఎట్లా ఉండేదో తెలియకపోతే డిలేనీ చేసిన పని బరువు తెలియదు. మొహానికి మసి పూసుకుని, పెదాలు పెద్దవి చేసుకుని తెల్లవాళ్ళు నల్లవాళ్ళను వెక్కిరించే మిన్‌స్ట్రెల్ ఆటలు పందొమ్మిదో శతాబ్దంలో నడిచాయి. అవి సినిమాల్లోకీ, అట్టపెట్టెల మీదికీ పాకాయి. 'ఆంట్ జెమీమా' అనే అట్ల పిండి 1889లో మొదలైంది. దాని మీద నవ్వే నల్ల వంటమనిషి బొమ్మ వేసి అమ్మారు. ఆ పేరు పోవడానికి 2021 దాకా పట్టింది. అంటే నల్ల ముఖానికి మార్కెట్లో చోటుంది; అయితే సేవ చేసే ముఖంగా, నవ్వించే ముఖంగా మాత్రమే.

యూరప్ పెద్ద కళ కూడా ఇందుకు మినహాయింపు కాదు. మరీ గియ్మీన్ బెన్వా అనే ఫ్రెంచి చిత్రకారిణి 1800లో ఒక నల్ల స్త్రీ బొమ్మ వేసింది. ఆ చిత్రానికి దాదాపు రెండు వందల ఏళ్ళు 'ఒక నల్లజాతి స్త్రీ' అనే అర్థం వచ్చే పేరే నడిచింది. 2019లో పారిస్‌లోని ఓర్సే మ్యూజియం 'నల్ల మోడల్' అనే ప్రదర్శన పెట్టినప్పుడు, పరిశోధకులు వెతికి తీసిన ఆమె పేరుతో ఆ చిత్రాన్ని 'మాడ్లీన్ రూపచిత్రం' అని పిలిచారు. ముఖం అంతకు ముందూ ఉంది. పేరు రావడానికే అంత కాలం పట్టింది.

ఇటువంటి కాలంలో డిలేనీ డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్‌నూ, డ్యూక్ ఎలింగ్టన్‌నూ, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌నూ గీశాడు. ఊరూ పేరూ లేని మామూలు మనుషుల్నీ గీశాడు. వీళ్ళలో డుబోయిస్ మనకు ఇంకో రకంగా దగ్గరివాడు. అంబేద్కర్ 1913 నుంచి 1916 దాకా న్యూయార్క్‌లోనే, కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివాడు. ఆ విశ్వవిద్యాలయం హార్లెం పక్కనే ఉంటుంది. 1946లో అంబేద్కర్ డుబోయిస్‌కు ఉత్తరం రాసి, నల్లజాతి ప్రజలు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న వినతిపత్రం నకలు అడిగాడు. అంటరానివాళ్ళ స్థితికీ నల్లవాళ్ళ స్థితికీ ఉన్న పోలికను అందులో ప్రస్తావించాడు. డుబోయిస్ అదే ఏడాది జూలై 31న జవాబిచ్చాడు. పోలిక మనం ఇవాళ కొత్తగా తెచ్చి అతికిస్తున్నది కాదని చెప్పడానికే ఈ ముక్క.

మురికినీళ్ళలో రంగులు

1940లో ఒక పదిహేనేళ్ళ హార్లెం కుర్రాడు గ్రీన్ స్ట్రీట్‌లోని డిలేనీ గది తలుపు తట్టాడు. ఆ కుర్రాడు జేమ్స్ బాల్డ్విన్. తర్వాత కాలంలో ఆయన ఎంత పెద్ద రచయిత అయ్యాడో తెలిసిందే. నల్లవాడు కూడా కళాకారుడిగా బతకగలడన్న దానికి తనకు దొరికిన మొదటి సజీవ సాక్ష్యం డిలేనీయే అని బాల్డ్విన్ చెప్పుకున్నాడు. ఒకరోజు ఇద్దరూ వీధి మలుపులో నిలబడి ఉంటే డిలేనీ కింద మురికినీళ్ళు చూపించి ఏం కనిపిస్తోందని అడిగాడట. కుర్రాడికి నీళ్ళే కనిపించాయి. మళ్ళీ చూడమన్నాడు. అప్పుడు నీళ్ళ మీద తేలే నూనె, ఆ నూనెలో రంగులు, ఆ రంగుల్లో ఊగే పట్నం కనిపించాయి. చూడటం ఎట్లాగో అక్కడ నేర్చుకున్నానని బాల్డ్విన్ రాశాడు.

దీన్ని 'మురికిలో కూడా అందం ఉంది' అనే నీతికథగా చదివితే తప్పు. మురికివాడలో అందం చూడమని పై కులాలవాళ్ళు మనకు ఎప్పటినుంచో చెబుతున్నారు. వాళ్ళకు ఖర్చు లేదు గదా. డిలేనీ చెప్పింది వేరు. నీకు చూడటం ఇంకొకడు నేర్పాడు, ఆ చూపుతో నిన్ను నువ్వు చూసుకుంటే నీకు మురికే కనిపిస్తుంది, ఆ కళ్ళు మార్చుకో అని. అద్దంలో తన నలుపును చూసుకుని అసహ్యపడేటట్టు పెంచిన పిల్లలకు ఇది చిన్న పాఠం కాదు.

1941లో ఆయన బాల్డ్విన్‌ను 'డార్క్ రాప్చర్' పేరుతో చిత్రించాడు. చెట్టూ చేమా మధ్య కూర్చున్న నగ్న యువకుడు. ఒంటికి ఒకే నలుపు, ఒకే గోధుమ రంగు వేయలేదు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ ముద్దలు ముద్దలుగా పరిచాడు. చర్మం రంగు అని లోకం దేన్నంటుందో దాన్నే ఈ బొమ్మ చెదరగొట్టింది. మనిషిని రంగును బట్టి లెక్కగట్టే దేశంలో, ఏ రంగని చెప్పడానికి వీల్లేని మనిషిని కూర్చోబెట్టాడు. ఆ తర్వాత మూడు దశాబ్దాలు బాల్డ్విన్‌ను మళ్ళీ మళ్ళీ వేశాడు. 1963 నాటి పాస్టెల్ చిత్రం ఇప్పుడు వాషింగ్టన్‌లోని నేషనల్ పోర్ట్రెయిట్ గాలరీలో ఉంది.

1953లో డిలేనీ పారిస్ పోయాడు, మళ్ళీ కాపురం అక్కడే. అక్కడ ఆయన బొమ్మల్లోకి పసుపు వరదలా వచ్చింది. కొన్ని కాన్వాసుల్లో ముఖమే లేదు, రంగు సుడులే. ఇంకొన్నిట్లో ఆ సుడుల్లోంచి ముఖం పైకి తేలుతుంది. 1965లో వేసిన గాయని మరియన్ ఆండర్సన్ చిత్రం వీటిలో గొప్పది. నల్లజాతి మనిషి అన్న ఒక్క కారణానికి 1939లో ఆమెకు వాషింగ్టన్ కాన్‌స్టిట్యూషన్ హాల్లో పాడటానికి చోటివ్వలేదు. ఆ ఏడాది ఏప్రిల్ 9న లింకన్ స్మారకం మెట్ల మీద నిలబడి డెబ్బై అయిదు వేల మంది ముందు పాడింది. డిలేనీ ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని వేయలేదు, జ్ఞాపకంలోంచి వేశాడు. ఆమె వెనక ఉన్నది గోడ కాదు, పసుపు వెలుగు. ముఖం ఆ వెలుగులోంచి వస్తున్నట్టు ఉంటుంది. పాత క్రైస్తవ చిత్రాల్లో పునీతుల వెనక వేసే బంగారు పూత గుర్తొస్తుంది. ఇప్పుడీ చిత్రం రిచ్మండ్‌లోని వర్జీనియా మ్యూజియంలో ఉంది. బానిసత్వాన్ని కాపాడుకోవటానికి యుద్ధం చేసిన దక్షిణాది రాష్ట్రాలకు ఒకప్పుడు రాజధాని ఆ రిచ్మండే.

బస్సులో సీటు వదలనన్న రోజా పార్క్స్‌ను కూడా డిలేనీ 1960ల చివర పారిస్‌లో కూర్చుని చిత్రించాడు. ఉద్యమానికి దూరంగా పోయినవాడు ఉద్యమాన్ని మరిచిపోలేదు. కాని ఆయన ఎత్తిన పిడికిలిని వేయలేదు, ముఖం వేశాడు. ఉద్యమకారులకు ఇక్కడ ఒక సందేహం వస్తుంది: ఇందులో పోరాటం ఎక్కడుంది? మన సభల్లో పోస్టరు కావాలి, నినాదం కావాలి, నిజమే. అయితే పోస్టరులో మనం గుంపుగా ఉంటాం. గుంపులో ఉన్న ప్రతివాడూ ఒక మనిషి, వాడికి ఒక లోపలి బతుకు ఉంది అని చెప్పే పని రూపచిత్రానిది. శత్రువు మనల్ని గుంపుగానే చూశాడు. చంపినప్పుడు కూడా పేర్లతో కాదు, అంకెలతో లెక్కపెట్టాడు. అందుకే ఒక ముఖాన్ని ఓపిగ్గా, ప్రేమగా చూడటం కూడా ధిక్కారమే.

ఋషిని చేసే పద్ధతి

డిలేనీ పేదగానే బతికాడు. హెన్రీ మిల్లర్ 1945లో ఆయన మీద వ్యాసం రాశాడు. చలి గదిలో పొయ్యి లేక వణుకుతూ బొమ్మలు వేసే సాధువుగా ఆయన అందులో కనిపిస్తాడు. ఆ వ్యాసం డిలేనీకి పేరు తెచ్చింది. పేరు గదిని వెచ్చబెట్టదు. పేదరికాన్ని పవిత్రం చేసి చూపించడం పై వర్గాల మేధావులకు అలవాటు. మన దగ్గర నందనార్‌ను, చోఖామేళాను భక్తులుగా కొలిచి, వాళ్ళను గుడి బయట నిలబెట్టిన కులాన్ని మాత్రం అడగకుండా వదిలేసిన తీరు ఇదే. ఋషికి జీతం అక్కరలేదు, అద్దె అక్కరలేదు, మ్యూజియంలో ఉద్యోగం అంతకంటే అక్కరలేదు!

లోపల మనిషి నలిగిపోయాడు. ఆయన స్వలింగ ప్రేమికుడు. ఆ సంగతి చాలామందికి దాచవలసి వచ్చింది. హార్లెంలో ఒక బతుకు, గ్రీనిచ్ విలేజ్‌లో ఇంకో బతుకు. తనను తిట్టే గొంతులు చెవుల్లో వినిపించేవి. 1961లో గ్రీసుకు ఓడలో పోతూ ఆత్మహత్యకు ప్రయత్నించాడు. ఆ తర్వాత స్నేహితులు ఆదుకున్నారు. 1964లో పారిస్‌లోని లాంబేర్ గాలరీలో, 1973లో డార్తియా స్పేయర్ గాలరీలో ఆయన బొమ్మల ప్రదర్శనలు జరిగాయి. 1975లో సెయింట్ ఆన్ ఆసుపత్రిలో చేర్చారు. 1978లో హార్లెంలోని స్టూడియో మ్యూజియం ఆయన జీవితకాలపు పనిని ఒకచోట చేర్చి ప్రదర్శించింది. నల్లవాళ్ళ పేటలోని మ్యూజియం అది, 1968 నాటిది. కాని ఆ గోడల మీద తన బొమ్మలు చూసుకోవటానికి ఆయన రాలేకపోయాడు. 1979 మార్చి 26న ఆసుపత్రిలోనే చనిపోయాడు.

పారిస్ శివారు తియే శ్మశానంలో పూడ్చారు. సమాధి మీద పేరు లేదు. ఎంతమంది ముఖాలకో పేరు నిలబెట్టినవాడు ముప్పై ఏళ్ళకు పైగా పేరులేని మట్టి కింద ఉన్నాడు. 2010లో అభిమానులు చందాలు పోగుచేసి రాయి పెట్టించారు. తర్వాత పెద్ద మ్యూజియంల చూపు ఆయన మీద పడింది. ఆయన బొమ్మలు ఎక్కువగా ఉన్న ప్రజా సంస్థ ఇవాళ ఆయన పుట్టిన ఊళ్ళోదే, నాక్స్‌విల్ ఆర్ట్ మ్యూజియం. 2020లో అక్కడ డిలేనీ, బాల్డ్విన్‌ల స్నేహం మీద ప్రదర్శన జరిగింది. 2025లో న్యూయార్క్ డ్రాయింగ్ సెంటర్ ఆయన గీతలతో ప్రదర్శన పెట్టింది. బతికుండగా నేలమాళిగ, పోయాక పై అంతస్తు!

మన గోడల సంగతి

దీన్నుంచి మనం తీసుకోవలసింది ఏమిటి? ఒక నల్ల చిత్రకారుణ్ణి పొగిడి ఊరుకుంటే లాభం లేదు. అమెరికాలో జాతి వేరు, ఇక్కడ కులం వేరు. మన ముఖం చూసి కులం చెప్పలేరు, అందుకే పేరడుగుతారు, ఊరడుగుతారు, ఇంటిపేరు అడుగుతారు. అక్కడ రంగు చేసే పనిని ఇక్కడ పేరు చేస్తుంది. కాబట్టి మనకు ముఖం ఎంత సమస్యో పేరు అంతకంటే పెద్ద సమస్య. తిట్టుగా వాడిన కులం పేర్లను మన కవులు, ఉద్యమకారులు తమ పేర్ల వెనక తగిలించుకుని గౌరవం చేసింది ఇందుకే.

మనకు బొమ్మల చరిత్ర లేదనే మాట కూడా అబద్ధం. తెలంగాణలో డక్కలివాళ్ళు మాదిగలకు జాంబపురాణం చెప్పేటప్పుడు రంగుల పటం విప్పి చూపిస్తారు. చేర్యాల నకాషీ చిత్రకారులు ఇట్లాంటి పటాలను ఎన్నో కులాలకు రాసిచ్చారు. ఎర్రటి నేల మీద బొమ్మలు, అందులో మన మూలపురుషుడు. తాను ఈ సృష్టికి ముందునుంచీ ఉన్నవాణ్ణని మాదిగ చెప్పుకున్న బొమ్మ అది. దాన్ని మ్యూజియంలు 'జానపద కళ' అనే గదిలో పెట్టాయి. పటంలో ఉన్నవాడు జాంబవంతుడని రాస్తారు. పటం రాసిన చెయ్యి ఎవరిదో, కథ చెప్పిన డక్కలి ఎవరో చాలాచోట్ల రాయరు.

ఇంకొక బొమ్మ ఉంది. మా తాతది గాని, ఆయన తండ్రిది గాని ఒక్క బొమ్మ మా ఇంట్లో లేదు. ఉన్నది అంబేద్కర్ పటం ఒక్కటే - నీలం కోటు, కళ్ళజోడు, చేతిలో పుస్తకం. మాలపల్లెల్లో, మాదిగవాడల్లో లక్షల ఇళ్ళలో ఇంతే. ఏ రాజూ వేయించని, ఏ గాలరీ అమ్మని రూపచిత్రం అది. మన తాతల బొమ్మలు లేని ఖాళీలన్నీ ఆ ఒక్క ముఖమే నింపింది. అందుకే ఆ పటం చించినా, ఆ విగ్రహానికి చెప్పుల దండ వేసినా ఊళ్ళు మండుతాయి. అది కాగితం అయితే, రాయి అయితే వాళ్ళకెందుకంత కోపం, మనకెందుకంత నొప్పి?

ఒక్క ముఖంతో చరిత్ర సరిపోదు. తెలుగునాట గ్రామీణ స్త్రీపురుషుల ముఖాలను ముదురు రంగుల్లో వేసిన కాన్వాసులు పెద్ద గాలరీల్లో బాగానే అమ్ముడుపోతున్నాయి. బొట్టు, ముక్కుపుడక, తలపాగా అన్నీ ఉంటాయి. ఆ మనిషి ఎవరు, ఏ వాడ, ఏ పని, కూలి ఎంత అని అడిగితే బొమ్మ పలకదు. థర్స్‌టన్ నమూనాకు రంగులద్దితే రూపచిత్రం కాదు. దళిత విద్యార్థులు లలితకళా కళాశాలల్లో చదువుకుని వస్తున్నారు. వాళ్ళు ఎవరి ముఖాన్ని వేస్తారు, దాని కింద ఏం రాస్తారు అన్నది వాళ్ళ ఒక్కరి ప్రశ్న కాదు.

టీచర్లూ విద్యార్థులూ చేయగల పని ఒకటుంది. దానికి గాలరీ అక్కరలేదు. వాడలో బతికున్న పెద్దల ముఖాలు ఫోటో తీయండి, గీయగలిగినవాళ్ళు గీయండి. కింద పూర్తి పేరు రాయండి. తల్లి పేరు, చేసిన పని, తిరగబడ్డ సందర్భం ఏదైనా ఉంటే అదీ రాయండి. గీసినవాళ్ళ పేరు కూడా రాయండి. డిలేనీ సమాధికి రాయి రావడానికి ముప్పై ఒక్క ఏళ్ళు పట్టింది. మన ఊరి చివర శ్మశానాల్లో రాళ్ళే లేవు. అక్కడున్నవాళ్ళ ముఖాలు గుర్తున్న ముసలివాళ్ళు ఇంకా కొందరు మిగిలున్నారు. వాళ్ళు పోకముందే అడగాలి.